ఫోక్స్‌వ్యాగన్ పాత క్యాంపర్ వ్యాన్: కొనడానికి, బాగు చేయించడానికి అసలు ఎంతవుతుంది?

బ్రిటన్‌లో స్థిరపడిన మన తెలుగు కుటుంబాలు వేసవి సెలవులకు కార్న్‌వాల్ తీరానికో, స్కాట్లండ్ కొండల్లోకో వెళ్లివచ్చాక, మనమూ ఒక పాత ఫోక్స్‌వ్యాగన్ క్యాంపర్ (లోపల మంచం, స్టవ్వు ఉండే వ్యాన్) కొనుక్కుంటే బాగుండునని ఎవరో ఒకరు అనకుండా ఉండరు. అది మంచి కోరికే. పిల్లలతో కలిసి నెమ్మదిగా ప్రయాణం చేయడానికి అంతకన్నా మంచి బండి నాకు కనిపించలేదు. అయితే ప్రకటనలో రాసిన ధర చూసి బడ్జెట్ వేసుకున్నవారికి ఆ తర్వాతి ఖర్చు తడిసి మోపెడవుతుంది. ఈ బండ్లలో డబ్బు పోయేది ఇంజనులోనూ కాదు, లోపలి పరుపులు, బీరువాలలోనూ కాదు, బాడీ ఇనుములో. బాడీ గట్టిగా ఉంటే మిగిలిన లోపాలన్నీ ఒక్కొక్కటిగా, వీలున్నప్పుడు సరిచేసుకోవచ్చు. బాడీ తుప్పు పట్టిపోతే మాత్రం, మిగతావన్నీ కొత్తవైనా సరే, ఆ బండి మీద పెట్టిన డబ్బు తిరిగి రాదు. ఈ వ్యాసంలోని సలహాలన్నిటికీ ఇదే ఆధారం. ఇక్కడ ఇచ్చిన ధరలు బ్రిటన్‌లో సాధారణంగా అడిగే స్థాయిని బట్టి నేను వేసిన అంచనాలు కనుక, కొనే రోజున నాలుగు ప్రకటనలు పోల్చి చూసుకోవడం అవసరం.

ఏ తరం బండి కొనాలి

డచ్ దిగుమతిదారు బెన్ పాన్ 1947లో గీసిన చిన్న బొమ్మ నుంచి పుట్టిన ఈ వ్యాన్ తయారీ 1950 మార్చిలో వోల్ఫ్స్‌బర్గ్‌లో మొదలై, 1956లో హానోవర్ ఫ్యాక్టరీకి మారింది. ముందు అద్దం రెండు పలకలుగా ఉండే మొదటి తరం, అంటే స్ప్లిట్ స్క్రీన్, జర్మనీలో 1967 దాకా తయారైంది. ఇప్పుడు అవి సేకరణ వస్తువులైపోయాయి. రోడ్డు మీద తిరగగలిగే మంచి బండి కావాలంటే 30,000 పౌండ్ల పైమాటే కనుక, మొదటిసారి కొనేవారికి నేను వీటిని సూచించను.

ఎక్కువమంది కొనేది 1967 ఆగస్టు నుంచి 1979 దాకా జర్మనీలో తయారైన రెండో తరం బండిని. ఒకే పెద్ద వంపు అద్దం ఉండే ఈ బండిని ఇక్కడ బే విండో అంటారు. పూర్తిగా విప్పి బాగు చేయించవలసిన బండి 6,000 నుంచి 10,000 పౌండ్లకు, వాడుకకు పనికొచ్చేది 12,000 నుంచి 20,000 పౌండ్లకు, చక్కగా పునరుద్ధరించినది 25,000 పౌండ్లు, ఆ పైన దొరుకుతాయి. ఈ వ్యాసంలో నేను ప్రధానంగా చెప్పేది ఈ బండి గురించే. 1979లో వచ్చిన మూడో తరాన్ని బ్రిటన్‌లో టీ25 అంటారు. లోపల చోటు ఎక్కువ, ధర తక్కువ. 6,000 నుంచి 15,000 పౌండ్లలో వాడదగిన బండి దొరుకుతుంది. కుటుంబానికి సౌకర్యమే ముఖ్యమనుకునేవారు దీన్ని తీసిపారేయకూడదు. కాకపోతే దీని బాడీ అతుకుల వెంబడి తుప్పు పడుతుంది, 1980ల్లో వచ్చిన నీటితో చల్లబడే ఇంజన్లలో సిలిండర్ హెడ్ దగ్గర కూలెంట్ కారే అవకాశం ఉంటుంది. ఈ రెండూ చూసుకోవాలి.

బ్రెజిల్ బండ్ల సంగతి వేరు. రెండో తరం వ్యాన్ తయారీ అక్కడ 2013 డిసెంబరు దాకా సాగింది, 2005 చివరి నుంచి అందులో నీటితో చల్లబడే 1.4 లీటర్ల ఇంజను అమర్చారు. వాటిలో కొన్ని బ్రిటన్‌కు వచ్చాయి. చూడటానికి పాత బండిలా ఉన్నా, వయసు చాలదు కనుక కింద చెప్పబోయే పన్ను, ఎం.ఓ.టి. (బండి భద్రతకు ఏటా చేసే పరీక్ష) మినహాయింపులు వాటికి వర్తించవు.

ఏది కొనాలో తేల్చుకోకముందే ఒక వారాంతం అలాంటి బండినే అద్దెకు తీసుకుని నడపండి. 1600 సీసీ ఇంజను ఇచ్చే శక్తి సుమారు 50 హార్స్‌పవర్ మాత్రమే. మోటర్‌వే మీద గంటకు 55 మైళ్ల వేగంతో సర్దుకోవాలి, ఎత్తు రోడ్లలో లారీల వెనుక ఓపికగా ఎక్కాలి, పక్కగాలి కొడితే స్టీరింగ్ గట్టిగా పట్టుకోవాలి, గాలన్ పెట్రోలుకు 20 నుంచి 25 మైళ్లే వస్తాయి. ఇవి మీ ఇంట్లో అందరికీ ఇష్టమో కాదో తెలియడానికి రెండు రోజుల అద్దె పెద్ద ఖర్చు కాదు.

తుప్పు ఎక్కడెక్కడ చూడాలి

బండి చూడటానికి వెళ్లేటప్పుడు ఒక టార్చి లైటు, గుడ్డలో చుట్టిన చిన్న అయస్కాంతం, నేల మీద పరుచుకోవడానికి పాత చాప తీసుకెళ్లండి. వాన రోజున వెళ్లగలిగితే ఇంకా మంచిది, నీరు ఎక్కడెక్కడ లోపలికి దిగుతోందో కళ్లారా కనిపిస్తుంది. మెరుస్తున్న రెండు రంగుల పెయింటు చూసి మురిసిపోవద్దు. పైన పటారం లోన లొటారం అన్న సామెత ఈ బండ్లకు సరిగ్గా సరిపోతుంది.

ముందు నుంచి మొదలుపెట్టండి. ముందు అద్దం చుట్టూ ఉండే రబ్బరు కింది అంచు వెంబడి, ముఖ్యంగా రెండు మూలల్లో, పెయింటు పొక్కులు లేచి ఉన్నాయేమో వేలితో తడిమి చూడండి. అక్కడ తుప్పు మొదలైతే నీరు డాష్‌బోర్డు వెనుక నుంచి కారి డ్రైవరు కాళ్ల దగ్గరి నేలను తినేస్తుంది. అందుకని ఆ నేల మీది రబ్బరు మ్యాట్‌ను ఎత్తి చూపమని అమ్మేవారిని అడగండి. ఎత్తడానికి వెనుకాడితే కారణం ఉంటుంది. తలుపు తెరిచి, ఎక్కేటప్పుడు కాలు పెట్టే మెట్టును, దాని వెనుక ముందు చక్రం మీది గూడును టార్చి వేసి పరిశీలించండి.

తర్వాత చాప పరుచుకుని బండి కిందికి దూరండి. తలుపుల కింద, బండి పొడవునా ఉండే సిల్ బయటి నుంచి ఒకే రేకులా కనిపిస్తుంది కానీ, దాని వెనుక మధ్య రేకు, లోపలి రేకు అని ఇంకో రెండు పొరలున్నాయి. బండి బలమంతా ఆ లోపలి పొరల్లోనే ఉంటుంది. బయటి రేకు చవకగా దొరుకుతుంది కనుక, లోపలివి కుళ్లిపోయినా అలాగే వదిలేసి, బయట కొత్త రేకు అతికించి, పెయింటు వేసి అమ్మేవారున్నారు. కింది నుంచి చూస్తేనే ఇది తెలుస్తుంది. జాకీ పెట్టే చోట్లు, ఛాసిస్ పట్టీల నుంచి సిల్ వైపుకు అడ్డంగా వచ్చే దిమ్మలు గట్టిగా ఉన్నాయో లేదో బొటనవేలితో నొక్కి చూడండి. కింద అంతా కొత్తగా, మందంగా నల్లటి అండర్‌సీల్ (తుప్పు పట్టకుండా అడుగున వేసే పూత) పూసి ఉంటే అదొక హెచ్చరిక. తుప్పును పూర్తిగా కోసి తీసేసి, మంచి ఇనుము దాకా వచ్చాక అంచుకు అంచు కలిపి అతికిన వెల్డింగు సరైన పని. కుళ్లిన రేకు మీద ప్లేటు, ఆ ప్లేటు మీద మరో ప్లేటు వేస్తూ పోయిన బండిని బాగు చేయించాలంటే ముందు ఆ ప్లేట్లన్నీ విప్పే కూలి కూడా మీరే ఇవ్వాలి.

చక్రాల గూళ్ల అంచులు, జారుడు తలుపు కింది భాగం, వెనుక మూలల మీద అయస్కాంతం పెట్టి చూడండి. పట్టుకోకుండా జారిపోతే అక్కడ ఇనుము లేదు, లప్పం మాత్రమే ఉందని అర్థం. వెనుక ఇంజను మూత ఎత్తి, బ్యాటరీ కింది పళ్లేన్ని తప్పకుండా చూడాలి. ఏళ్ల తరబడి బ్యాటరీ ఆమ్లం పడి అది జల్లెడలా చిల్లులు పడిపోవడం మామూలే. చివరగా, పైకప్పు చుట్టూ ఉండే వాన నీటి గట్టరు. చాలామంది దీన్ని చూడరు. దాని తుప్పు కోసి కొత్తది అతకడం నైపుణ్యం, సమయం రెండూ కావలసిన పని. గట్టరు పొడవునా పొక్కులున్న బండిని, మిగతా అంతా బాగున్నా, ధర గణనీయంగా తగ్గిస్తే తప్ప తీసుకోవద్దు.

ఇంజను దగ్గర చూడవలసినవి

గాలితో చల్లబడే ఈ ఇంజను సులభమైన యంత్రం, దాన్ని బండి నుంచి దించడం కూడా కష్టం కాదు, విడిభాగాలన్నీ ఇప్పటికీ దొరుకుతాయి. పూర్తిగా కొత్తగా బిగించిన 1600 సీసీ ఇంజను 2,500 నుంచి 4,500 పౌండ్లలో వస్తుంది కనుక, ఇంజను పాడైందన్న ఒక్క కారణంతో గట్టి బాడీ ఉన్న బండిని వదులుకోవలసిన పని లేదు. అది బేరమాడటానికి పనికొచ్చే లోపం.

ఇంజను ఆపి, చల్లారాక, వెనుక కింద కనిపించే పెద్ద పుల్లీని రెండు చేతులతో పట్టుకుని ముందుకు, వెనక్కు లాగి చూడండి. కొత్త ఇంజనులో ఆ కదలిక 0.07 నుంచి 0.13 మిల్లీమీటర్లు ఉండాలి, 0.15 దాటితే అరిగినట్టు లెక్క. కొలిచే పరికరం లేకపోయినా, టక్కుమని చప్పుడు వినిపించేంత కదిలితే ఆ ఇంజను పూర్తిగా విప్పవలసిందే. పాత 1600 ఇంజన్లలో ఆయిల్ కూలరు గాలి దారికి అడ్డంగా ఉండటం వల్ల మూడో సిలిండరు మిగతావాటి కన్నా ఎక్కువ వేడెక్కేది, దాని ఎగ్జాస్ట్ వాల్వే ముందుగా పోయేది. కంప్రెషన్ పరీక్ష చేయిస్తే నాలుగు సిలిండర్ల తేడా తెలిసిపోతుంది. ఇంజను చుట్టూ ఉండే రేకులు, రబ్బరు పట్టీలు అన్నీ ఉన్నాయో లేదో కూడా చూడండి. అవి లేకపోతే కింది వేడి గాలి మళ్లీ పైకి వచ్చి ఇంజనును ఉడికిస్తుంది.

పెట్రోలు గొట్టాల విషయంలో మాత్రం ఏ సర్దుబాటూ వద్దు. ఈ బండ్లు కాలిపోవడానికి పాతబడి పగిలిన గొట్టాలు పెద్ద కారణం, ఇంజను పెట్టె మెగ్నీషియం మిశ్రమంతో చేసినది కనుక అంటుకుంటే ఆర్పడం చాలా కష్టం. 2021 సెప్టెంబరు నుంచి ఇక్కడి బంకుల్లో మామూలు పెట్రోలులో 10 శాతం దాకా ఇథనాల్ కలుపుతున్నారు, అది పాత రబ్బరును త్వరగా పాడుచేస్తుంది. బండి ఇంటికి తెచ్చిన వారంలోనే గొట్టాలన్నీ ఇథనాల్‌ను తట్టుకునే ఆర్9 రకానికి మార్పించి, 5 శాతం దాకా మాత్రమే ఇథనాల్ ఉండే సూపర్ పెట్రోలునే పోయించండి. దీనికయ్యే ఖర్చు మొత్తం లెక్కలో కనిపించనంత తక్కువ. అలాగే క్యాబిన్‌ను వేడి చేసే హీట్ ఎక్స్‌ఛేంజర్లు చిల్లులు పడితే ఇంజను పొగ లోపలికి వస్తుంది. పిల్లలు నిద్రపోయే బండిలో కార్బన్ మోనాక్సైడ్ అలారం, మంటలార్పే సిలిండరు లేకుండా ఒక్క రాత్రి కూడా గడపకూడదు.

రెండు బండ్ల లెక్క

ఇప్పుడు 8,000 పౌండ్లకు వచ్చిన తుప్పు బండిని, 18,000 పౌండ్లకు వచ్చిన గట్టి బండిని పక్కపక్కన పెట్టి చూద్దాం. రెండింటికీ పనంతా షెడ్డులోనే చేయిస్తున్నామనుకుందాం.

మొదటి బండికి సిల్స్, నేల, చక్రాల గూళ్లు, మూలలు అన్నీ మార్చాలంటే 200 గంటల వెల్డింగు పని ఎక్కువేమీ కాదు. పాత బండ్ల పని తెలిసిన షెడ్డు గంటకు 60 పౌండ్లు తీసుకుంటే 12,000, దాని మీద 20 శాతం వ్యాట్‌తో కలిపి 14,400 పౌండ్లు. రేకులకు 2,500. పాత పెయింటు గీకించి, రెండు రంగులు వేయించడానికి 7,000. ఇంజనుకు 3,500. బ్రేకులు, స్టీరింగ్, టైర్లకు 2,000. అద్దాల రబ్బర్లు, వైరింగు, పైకి లేచే కప్పుకు ఉండే క్యాన్వాస్, ఇతర చిల్లర సామానుకు 2,000. లోపలి మంచం, బీరువాలు, స్టవ్వు, కర్టెన్లకు 4,000. పని ఖర్చు 35,400 పౌండ్లు, కొన్న ధరతో కలిపి 43,400. ఆ పనంతా పూర్తయ్యాక ఆ బండిని అమ్మితే దానికి 30,000 పౌండ్లు వస్తాయని కూడా గట్టిగా చెప్పలేం.

రెండో బండికి బ్రేకులు, టైర్లకు 1,500, ఇంజను చిన్నాచితకా పనులకు 1,000, లోపలి మార్పులకు 1,500 అయ్యాయనుకుంటే మొత్తం 22,000 పౌండ్లు. పైగా వచ్చే వేసవికే పిల్లలను తీసుకుని బయలుదేరవచ్చు. మొదటి బండి అప్పటికి ఇంకా షెడ్డులో తలుపులు ఊడదీసి ఉంటుంది. మంచి షెడ్లలో పని మొదలు కావడానికే నెలల తరబడి వేచి ఉండాలన్న సంగతి కూడా లెక్కలో వేసుకోండి. ఏ అంచనా వేసినా దాని మీద కనీసం ఐదో వంతు విడిగా పక్కన పెట్టుకోవాలి, ఎందుకంటే రేకు కోసి చూసేదాకా లోపలి తుప్పు ఎంతో ఏ పనివాడూ చెప్పలేడు.

పై లెక్కలో అతి పెద్ద అంకె కూలి అని గమనించే ఉంటారు. అందువల్ల వెల్డింగు నేర్చుకుని సొంతంగా చేయగలిగినవారికి చవక బండి నిజంగానే చవక. ఊళ్లలోని కాలేజీలు సాయంత్రం పూట వెల్డింగు తరగతులు నడుపుతుంటాయి. ఇంటి వద్ద కప్పు ఉన్న చోటు, రెండు మూడేళ్ల ఓపిక, ఇంట్లోవారి సమ్మతి ఉన్నవారు ఆ దారిలో వెళ్లవచ్చు. చాలామందికి సరిపడే మధ్యే మార్గం మాత్రం ఇది: బాడీ, బ్రేకులు తెలిసినవారికి అప్పగించి, లోపలి చెక్క పని, కుట్టు పని, శుభ్రం చేయడం, రబ్బర్లు మార్చడం లాంటివి సొంతంగా చేసుకోవడం. లోపలి అమరిక వెస్ట్‌ఫాలియా, డెవన్, డోర్మొబైల్, డ్యాన్‌బరీ లాంటి పాత సంస్థలు వేసినదైతే, అరిగినా సరే దాన్ని ఊడబెరకకుండా బాగు చేయండి. అసలు అమరిక ఉన్న బండికి విలువ ఎక్కువ, ఆ చెక్క పనిలో కనిపించే శ్రద్ధ కొత్తవాటిలో అరుదు.

షెడ్డు యజమానితో మాట్లాడేటప్పుడు మొత్తం పనికి ఒకే అంకె అడగడం కన్నా, దశలవారీగా లెక్క రాయించుకోవడం మేలు. మొదట బండిని ఎత్తి తుప్పు ఎంతో తేల్చడానికి ఒక మొత్తం, తర్వాత కుడి పక్క వెల్డింగుకు ఒక మొత్తం, అలా. ప్రతి దశలోనూ కోసిన రేకు, అతికిన రేకు ఫొటోలు పంపమని ముందే ఒప్పందం చేసుకోండి. మంచి పనివారు ఇందుకు సంతోషంగా ఒప్పుకుంటారు. డబ్బు పరిమితంగా ఉన్నవారు పనిని ఇదే వరుసలో పెట్టుకోవాలి: ముందు బాడీ బలం, ఆ తర్వాత బ్రేకులు, స్టీరింగ్, టైర్లు, ఆ తర్వాత ఇంజను, పెయింటు, చివరికి కర్టెన్లు. టైర్లు కొనేటప్పుడు మామూలు కారు టైర్లు వేయించవద్దు. ఈ బండి బరువుకు 185 ఆర్ 14 సి కొలతలో, బరువు మోసే వ్యాన్ల కోసం చేసినవే వేయించాలి.

కాగితాలు, పన్ను, బీమా

బండి నంబరుతో ప్రభుత్వ వెబ్‌సైటులో పాత ఎం.ఓ.టి. ఫలితాలన్నీ ఉచితంగా చూడవచ్చు. 2005 నుంచి ఉన్న ఆ రికార్డులో ఏ ఏడాది ఏ చోట తుప్పు రాశారో, మైళ్లు ఎలా పెరిగాయో కనిపిస్తాయి. ఒకే చోట తుప్పు అని ఏటా రాసి, ఆ తర్వాత అకస్మాత్తుగా ఆ మాట మాయమైతే, ఆ మధ్య చేసిన పనికి బిల్లు చూపించమని అడగండి.

రిజిస్ట్రేషన్ పత్రంలోని ఛాసిస్ నంబరు, ఇంజను గదిలో ఇనుము మీద కొట్టిన నంబరు ఒకటే కావాలి. 1970 మోడల్ నుంచి ఈ నంబరులో పది అంకెలుంటాయి, వాటిని చదవడం తేలిక. 231తో మొదలై, తర్వాత 2 ఉందనుకుందాం. 23 అంటే పక్కల కిటికీలున్న కోంబీ బాడీ, 1 అంటే 1971 మోడల్ సంవత్సరం, ఆ పక్కనున్న 2 డెబ్భైల దశకానికి గుర్తు. 21తో మొదలైతే అది ఫ్యాక్టరీ నుంచి సామాను వ్యాన్‌గా బయటికి వచ్చి, తర్వాత ఎవరో కిటికీలు కోసి క్యాంపర్‌గా మార్చినది. అది తప్పేమీ కాదు గానీ, ఫ్యాక్టరీ క్యాంపర్ ధర చెబుతుంటే ఈ రెండంకెలు మీకు బేరానికి సాయం చేస్తాయి.

తయారై 40 ఏళ్లు దాటిన బండిని హిస్టారిక్ తరగతిలోకి మార్పించుకుంటే రోడ్డు పన్ను కట్టనక్కర్లేదు. ఇది దానంతటదే జరగదు, దరఖాస్తు చేసుకోవాలి, ఆ తర్వాత కూడా ఏటా సున్నా రుసుముతో పన్ను నమోదు చేయాలి. ఆ తరగతిలో ఉన్న బండికి లండన్ యూలెజ్ రుసుము (ఎక్కువ పొగ వదిలే బండ్ల మీద వేసేది) కూడా పడదు. 2018 మే నుంచి, గత 30 ఏళ్లలో పెద్ద మార్పులు జరగని 40 ఏళ్ల బండ్లకు ఎం.ఓ.టి. కూడా తప్పనిసరి కాదు. అయినా ఏటా చేయించమనే నా గట్టి సలహా: గరిష్ఠంగా 54.85 పౌండ్లకు ఒక నిపుణుడు బండిని ఎత్తి, కింద అంతా చూసి, బ్రేకులు కొలిచి చెబుతాడు. ఇక్కడి చట్టం ప్రకారం, సీటు బెల్టులు లేకుండా తయారైన బండిలో మూడేళ్లలోపు పిల్లలను అసలు ఎక్కించకూడదు, అంతకన్నా పెద్ద పిల్లలను వెనుక సీట్లలోనే కూర్చోబెట్టాలి. కనుక పిల్లలున్నవారు వెనుక సీటుకు గట్టి ఆధారంతో బెల్టులు వేయించే ఖర్చును మొదటి రోజు లెక్కలోనే చేర్చాలి.

యూరప్ నుంచి తెప్పించుకోవాలనుకునేవారికి ఒక సౌలభ్యం ఉంది. 30 ఏళ్లు దాటి, తయారీ ఆగిపోయి, పెద్ద మార్పులు లేకుండా అసలు స్థితిలో ఉన్న బండిని సేకరణ వస్తువుగా గుర్తిస్తే, దిగుమతి సుంకం లేకుండా 5 శాతం వ్యాట్‌తోనే వస్తుంది. ఎండ ప్రాంతాల బండ్లలో తుప్పు తక్కువ ఉంటుంది, అది పెద్ద లాభం. స్టీరింగ్ ఎడమ వైపు ఉండటం, జారుడు తలుపు రోడ్డు వైపుకు తెరుచుకునే అవకాశం ఉండటం దాని నష్టం. వచ్చిన 14 రోజుల్లోగా పన్నుల శాఖకు తెలియజేయాలి.

బీమా తీసుకునేటప్పుడు మార్కెట్ విలువకు బదులు ముందుగా ఒప్పుకున్న విలువకు రాయించుకోండి. ఏడాదికి కొన్ని వందల పౌండ్లలోపే అయ్యే ఈ పాలసీ కోసం కంపెనీ బండి ఫొటోలు, చేయించిన పనుల బిల్లులు అడుగుతుంది, అందుకే షెడ్డు నుంచి వచ్చిన ప్రతి ఫొటోను, ప్రతి రసీదును తేదీల వారీగా ఒక ఫైలులో పెట్టుకోవాలి. పని పూర్తయ్యాక పాత విలువే కొనసాగించకుండా, ఆ ఫైలు పంపి విలువను పెంచి రాయించుకోండి. ఇక ఏటా వచ్చే ఖర్చుల్లో ముఖ్యమైనవి ప్రతి 3,000 మైళ్లకు రెండున్నర లీటర్ల ఇంజను ఆయిల్ మార్పు, అప్పుడే చల్లటి ఇంజను మీద వాల్వ్ సందును 0.15 మిల్లీమీటర్లకు సరిచేయించడం, చలికాలం మొదలయ్యే ముందు బండి కింద ఉప్పు, బురద కడిగించి, సిల్స్ లోపలికి మైనం లాంటి తుప్పు నిరోధకాన్ని గొట్టంతో కొట్టించడం. ఈ చివరి పనికి పట్టేది ఒక పూట, కొద్దిపాటి డబ్బు. దాన్ని నవంబరులోపే చేయించి, చలికాలమంతా బండిని గాలి ఆడే కప్పు కింద నిలిపి ఉంచండి. గాలి చొరబడని ప్లాస్టిక్ పట్టా కప్పితే లోపలి చెమ్మ బయటికి పోక మళ్లీ తుప్పు మొదలవుతుంది.